థార్‌కి రాక్ స్లైడర్ (రాళ్ళ దెబ్బ బండి పక్కలకి తగలకుండా తలుపుల కింద వేసే ఇనుప పైపు) వేయించాలి, అమ్మ ఎక్కడానికి మెట్టూ కావాలి. రెండూ ఒకదాంట్లో కుదురుతాయా?

గాజువాక_థార్

అందరికీ నమస్తే. నాది 2021 థార్, డీజిల్, మాన్యువల్, హార్డ్ టాప్. బండి కొన్నప్పుడే అమ్మ కోసమని బయట ఒక యాక్సెసరీస్ షాపులో ఫుట్ స్టెప్పులు వేయించాను. అమ్మకి 67, రెండు మోకాళ్ళూ నొప్పే, స్టెప్పు లేకపోతే ముందు సీట్లోకి ఎక్కలేదు. షాపువాళ్ళు హెవీ డ్యూటీ అన్నారు, నేనూ చేత్తో కదిపి చూసి గట్టిగానే ఉంది కదా అనుకున్నాను.

పోయిన డిసెంబరులో పాడేరు వైపు వెళ్ళాం, వంజంగి దగ్గర ఒక మట్టి దారి. వానకి కోసుకుపోయిన గాడిలోకి ఎడమ చక్రాలు రెండూ దిగాయి, బండి మొత్తం ఎడమకి ఒరిగి స్టెప్పు నేరుగా ఒక రాయి మీద కూర్చుంది. పెద్ద శబ్దం కూడా రాలేదు, ఎవరో తలుపు కింద నుంచి నెట్టినట్టు ఒక్క కుదుపు, అంతే. ఎలాగో బయటికి వచ్చాక చూస్తే స్టెప్పు పైకి వంగి ఎడమ తలుపు కింద అంచుకి ఆనుకుని ఉంది. తలుపు తెరుచుకోలేదు. అమ్మ ఆ పక్కనే కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పితో గేరు రాడ్డు మీదుగా నా సీట్లోకి జరిగి, నా తలుపు లోంచి దిగాల్సి వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు గానీ నాకు మాత్రం ఇప్పటికీ ఆ దృశ్యం కళ్ళ ముందే ఉంది.

ఇంటికొచ్చి విప్పి చూస్తే బ్రాకెట్ రేకు 3 మిల్లీమీటర్లు కూడా లేదు, బోల్టు కన్నం దగ్గర చీరుకుపోయింది.

ఇప్పుడు స్లైడర్లే వేయించాలని అనుకుంటున్నాను, కానీ అమ్మ ఎక్కడానికి మెట్టు కూడా అదే అవ్వాలి. రెడీమేడ్ బోల్ట్ ఆన్ (బోల్టులతో బిగించేది) కొనాలా, ఆటోనగర్‌లో చేయించాలా? స్టెప్పు కిందకి ఉంటే గ్రౌండ్ క్లియరెన్స్ పోతుందా? ఛాసిస్‌కి వెల్డింగ్ చేసేద్దాం, జన్మలో ఊడదు అని ఒకాయన అంటున్నాడు, నాకు భయంగా ఉంది. వేయించినవాళ్ళు ఉంటే చెప్పండి.

కొండపల్లి_4x4

ముందు అమ్మగారికి దెబ్బలేమీ తగల్లేదు కదా, అది చాలు.

మీ పాత స్టెప్పు విరగడం ఆశ్చర్యం కాదు. అది మనిషి బరువు కోసం చేసిన వస్తువు, మహా అయితే వంద కిలోలు, అదీ పై నుంచి కిందకి. రాయి మీద కూర్చున్నప్పుడు బండి బరువులో సగం దాకా దాని మీదే పడుతుంది, అదీ కింద నుంచి పైకి. టన్నున్నర దాటిన బండి అది. స్లైడర్‌కీ స్టెప్పుకీ తేడా అక్కడే ఉంది, పైపు లావు చూసి మోసపోవద్దు. లావు పైపుకి సన్న కాళ్ళు పెట్టి స్లైడర్ అని అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఏది కొన్నా, ఏది చేయించినా ఒక్క పరీక్ష పెట్టండి. స్లైడర్ మధ్యలో జాకీ పెట్టి ఆ పక్క రెండు చక్రాలూ నేల వదిలేదాకా లేపించండి, చెక్క మొద్దులు కింద పెట్టి, ఎవరినీ కిందకి దూరనివ్వకుండా. దించాక తలుపు ముందులాగే తెరుచుకుంటుందా, స్లైడర్‌కీ బాడీకీ మధ్య సందు ముందెంత ఉందో అంతే ఉందా చూడండి. ఆ పరీక్షకి షాపువాడు ఒప్పుకోకపోతే వాడి మీద వాడికే నమ్మకం లేనట్టు.

గ్రౌండ్ క్లియరెన్స్ సంగతి. కంపెనీ చెప్పే 226 మిల్లీమీటర్లు వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు కింద లెక్క, పక్కల కింద అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకని స్టెప్పు కాస్త దిగితే పేపరు మీద అంకె మారదు, కానీ దారిలో మారుతుంది. గుట్ట ఎక్కి దిగేటప్పుడు ముందు చక్రాలు అవతల, వెనక చక్రాలు ఇవతల ఉంటే నడుం దగ్గరే కదా తగిలేది, స్టెప్పు వేలాడేది కూడా సరిగ్గా అక్కడే. థార్‌కి చక్రాల మధ్య దూరం 2450 కాబట్టి కొంత బతికిపోతాం. ఐదు తలుపుల థార్ రాక్స్ వాళ్ళకి 2850, అంటే 400 మిల్లీమీటర్లు ఎక్కువ, వాళ్ళకి నడుం ఇంకా తొందరగా తగులుతుంది. స్లైడర్ కాళ్ళు ఛాసిస్ పక్క నుంచి అడ్డంగా రావాలి. ఛాసిస్ కింద అంచు కంటే ఏదీ దిగకూడదు. అదొక్కటీ పట్టుకోండి.

రాళ్ళదారి_జిమ్నీ

నేను హైదరాబాద్, జిమ్నీ. మా నాన్నగారికి తుంటి ఆపరేషన్ అయ్యింది, ఇదే సమస్య. స్టెప్పు ఎంత ఎత్తులో ఉండాలో ఎవరినీ అడగకండి, ఇంట్లోనే కొలవండి.

మేం ఏం చేశామంటే, ఇంటి ముందు గోడ పట్టుకోనిచ్చి నాన్న ముందు ఒక ఇటుక పెట్టాం, కాలు వేసి ఎక్కమన్నాం. తర్వాత రెండు, తర్వాత మూడు. ఎక్కడ మొహంలో నొప్పి కనపడుతుందో అక్కడ ఆపి టేపు పెట్టాం. ఆయనకి 10 అంగుళాలు దాటితే కష్టం. ఇంకో సంగతి అప్పుడే తెలిసింది, ఎక్కడం కంటే దిగడమే ఆయనకి ఎక్కువ భయం, కాలు కిందకి చాపి నేల ఎక్కడుందో వెతుక్కుంటున్నారు. స్టెప్పు వెడల్పు తక్కువైతే మడమ ఆనదు, వేళ్ళ మీదే నిలబడాలి. మీరూ అమ్మగారితో చేసి చూడండి, ఆ తర్వాతే వెల్డరు దగ్గరికి వెళ్ళండి.

ఆటోనగర్_వెల్డింగ్

అన్నా, బెజవాడ ఆటోనగర్‌లో మాది వెల్డింగ్ షెడ్డు, లారీ బాడీలు మా నాన్న కాలం నుంచీ చేస్తున్నాం, ఈ మధ్య థార్లూ గూర్ఖాలూ వస్తున్నాయి. పనికి రమ్మని చెప్పట్లేదు, వైజాగ్‌లో మీ గాజువాకలోనే మంచి చెయ్యి ఉన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో ఏం మాట్లాడాలో చెప్తాను.

ఛాసిస్‌కి వెల్డింగ్ వద్దు. ఊడదు, నిజమే, కానీ వెల్డింగ్ పడిన చోట పక్కనే ఇనుము గుణం మారిపోతుంది, పగులు మొదలయ్యేది ఆ అంచులోనే. లారీ ఛాసిస్‌ల మీద ఎన్ని చూశానో. మీది ఇంకా కొత్త బండి, లోపల ఛాసిస్ గోడ వెంబడి బ్రేకు పైపులు, డీజిల్ పైపు, వైరింగ్ అన్నీ పోతుంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. రేపు స్లైడర్ వంగితే విప్పి సాపు చేయడానికి కూడా ఉండదు, బండినే షెడ్డులో పెట్టుకోవాలి.

క్లాంపు చేయించండి. ఛాసిస్ బయట గోడకి 6 మిల్లీమీటర్ల ప్లేటు, లోపల గోడకి ఇంకో ప్లేటు, పైన రెండు కింద రెండు బోల్టులు ఛాసిస్‌ని దాటుకుని పోతాయి, కన్నం వేయక్కర్లేదు. అదొక్కటే అయితే దెబ్బకి ముందుకో వెనక్కో జారుతుంది. అందుకని కంపెనీ వదిలిన కన్నం దగ్గర్లో ఏదైనా ఉంటే దాంట్లోంచి కూడా ఒక బోల్టు పట్టించాలి. పక్కకి మూడు కాళ్ళు తక్కువ కాకుండా, కుదిరితే నాలుగు. బోల్టులు 12 మిల్లీమీటర్లవి, తల మీద 8.8 అని ఉండాలి, మామూలు బజారు బోల్టు వద్దు. బిగింపు 80 న్యూటన్ మీటర్ల దగ్గర, టార్క్ రెంచ్ (బిగింపు ఎంతో కొలిచే పానా)తో. పొడుగు పానా దొరికింది కదా అని వేలాడి బిగిస్తే డబ్బా ఛాసిస్ గోడ లోపలికి నొక్కుకుపోతుంది. ప్లేటు పెట్టే ముందు లోపల చెయ్యి పెట్టి తడుముకుంటూ పోవాలి, పైపూ వైరూ ఎక్కడున్నాయో తెలుసుకోకుండా బిగించొద్దు. ఈ పనికి తొందరపడే కుర్రాడికి బండి ఇవ్వకండి.

పైపు విషయానికొస్తే 40 ఎన్‌బీ (పైపు సైజు పేరు) హెవీ, అంటే సి క్లాస్ అడగండి. బయట 48.3 మిల్లీమీటర్లు, మందం 4. లైట్ క్లాస్ 2.9 ఉంటుంది, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. కోసిన చివర మీరే చూసి వెర్నియర్‌తో కొలవండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మందం దగ్గరే మోసం జరిగేది. ఈ పైపు మీటరు నాలుగు కిలోల పైన ఉంటుంది, కాళ్ళూ ప్లేట్లూ కలిపి ఒక పక్క 20 కిలోలు దాటుతుంది, అంతకంటే బాగా తేలికగా ఉంటే ఎక్కడో తగ్గించారని అర్థం. వంపులు హైడ్రాలిక్ బెండర్ మీద తిప్పాలి, కోసి అతికిన మూల వద్దు. షెడ్డులో సీఓటూ (గ్యాసు) వెల్డింగ్ అయితే మంచిది, రాడ్డుతో అయినా పర్వాలేదు, చెయ్యి ముఖ్యం. కాలు పైపుని కలిసే చోట మూడు మూలల ముక్క, గస్సెట్, తప్పకుండా వేయించండి.

మెట్టు కోసం రెండు పైపుల మధ్య చెకర్డ్ ప్లేటు (ఉబ్బెత్తు గీతలున్న రేకు) వేస్తారు మామూలుగా. నేనైతే వద్దంటాను. మట్టి దాని మీద పేరుకుంటుంది, వానలో జారుతుంది, అమ్మగారు ఎక్కేది దాని మీదే కదా. కన్నాలు కొట్టి అంచులు పైకి లేపిన ప్లేటు వేయించండి, లేదా జాలీ, మట్టి కిందకి రాలిపోతుంది, చెప్పుకి పట్టు ఉంటుంది. చివరలు మూసేయాలి, కింద వైపు సన్న కన్నం ఒకటి వదలాలి నీళ్ళు దిగడానికి. వైజాగ్ ఉప్పు గాలికి లోపల నుంచే తింటుంది, పైన ఎంత పౌడర్ కోటింగ్ చేసినా.

గాజువాక_థార్

అన్నా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. ఇవాళ పొద్దున్నే అమ్మతో ఇటుకల పని చేశాం. ఆవిడకి 9 అంగుళాలు హాయిగా ఉంది, 11 దగ్గర గుమ్మం పట్టుకుంది, 12కి వద్దంది. ఇక్కడే చిక్కు వచ్చి పడింది. కొండపల్లి గారు చెప్పినట్టు ఛాసిస్ కిందకి దిగకుండా పెడితే మా బండి మీద స్లైడర్ పై అంచు నేల నుంచి 18 అంగుళాల దగ్గరకి వస్తోంది, లోపల ఫ్లోరు 25 దగ్గర. పాత స్టెప్పు 13లో ఉండేది, అదే ఎక్కువై రోజూ నా భుజం పట్టుకుని ఎక్కేది, నేను గమనించనే లేదు. 18 అయితే అమ్మకి అసలు కుదరదు. స్లైడర్‌నే 4 అంగుళాలు కిందకి దించితే మధ్యస్థంగా ఉంటుందా?

కొండపల్లి_4x4

దించకండి. 14లో పెట్టినా అమ్మగారికి చాలదు, దారిలో రాయికి మాత్రం బాగా అందుతుంది. రెండు పనులూ సగం సగం చెడతాయి.

లెక్క చూడండి, 9, 18, 25. మధ్యలో ఒక్క 9 అంగుళాల మెట్టు ఉంటే ఆవిడకి 9 దాటని మూడు అడుగులు. ఆ 9 అంగుళాల మెట్టు బండికే ఉండాలని ఎక్కడ ఉంది? ఒక గట్టి పీట వెనకాల పడేసుకోండి. లేదా స్లైడర్ కింద రెండు పిన్నులతో తగిలించి తీసేసే వేలాడే మెట్టు చేయించండి, ఊళ్ళో తగిలించి ఉంచండి, మట్టి దారి మొదలయ్యే చోట తీసి లోపల వేసుకోండి. నాకు తెలిసి ఒకరు పాత లారీ బెల్టుతో చేయించుకున్నారు, రాయి తగిలితే బెల్టే మడత పడి పోతుంది, ఏమీ వంగదు. ఎలక్ట్రిక్‌గా తెరుచుకునే స్టెప్పులు మాత్రం వద్దు, రెండు వానాకాలాల మట్టికి కీళ్ళు పట్టేస్తాయి.

తలుపు పక్క స్తంభానికి లోపల పట్టుకునే హ్యాండిల్ ఎలా ఉందో చూడండి, అమ్మగారి చెయ్యి దానికి కింద నుంచే అందాలి. కాలి కంటే చెయ్యే ఎక్కువ పని చేస్తుంది ఆ వయసులో.

డల్లాస్_4రన్నర్

మాది నెల్లూరు, ఇప్పుడు టెక్సాస్. టయోటా 4రన్నర్‌కి స్లైడర్లు వేసుకుని యూటాలో మోయాబ్ దాకా తీసుకెళ్ళి బాగా గీకించాను కాబట్టి రెండు మాటలు.

ఇక్కడ స్లైడర్ ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఎంత వాలు కావాలని అడుగుతారు, అడ్డంగా సమంగానా, బయటి అంచు పైకి లేచి 10 డిగ్రీలా, 20 డిగ్రీలా అని. 20 పెడితే బయటి పైపు పైకి పోయి బండి ఒరిగినప్పుడు రాయికి అందదు, తలుపులకి కాపు కూడా ఎక్కువ. కానీ దాని మీద కాలు వేస్తే పాదం లోపలికి జారుతుంది. నేను 20 పెట్టించుకున్నాను, మా ఆవిడ ప్రతిసారీ తిడుతుంది, తిట్టడం న్యాయమే. అమ్మగారు ఎక్కాలి కాబట్టి మీరు 10 దాటకండి.

బాడీకీ స్లైడర్‌కీ మధ్య సందు ఒక అంగుళం వదిలించండి. మన బండ్లలో ఛాసిస్ వేరు, బాడీ వేరు, మధ్యలో రబ్బరు బుష్‌లు. దారిలో రెండూ వేర్వేరుగా ఊగుతాయి. చూడ్డానికి బాగుందని బాడీకి ఆనించి పెట్టినవాళ్ళవి పెయింటు పోయి తుప్పు మొదలవడం చూశాను. అలాగని మరీ ఎక్కువ సందు వదిలితే కాళ్ళు పొడుగై, అదే దెబ్బకి ఎక్కువ వంగుతాయి.

వెనక చక్రం దగ్గర బయటి పైపుని కాస్త బయటికి వంచి పెట్టించుకోండి, ఇక్కడ కిక్ అవుట్ అంటారు. ఇరుకు మలుపులో చెట్టు మొదలో బండరాయో ఆ వంపుకి తగిలి బండి వెనక భాగాన్ని బయటికి తోస్తుంది, ఫెండరు బతుకుతుంది. కానీ ఇది ఫ్లేరు (చక్రం మీద బయటికి వచ్చే అంచు) దాటి బయటికి రాకూడదు, ఊళ్ళో నడిచేవాళ్ళ కాళ్ళకి తగులుతుంది.

అనంతగిరి_డస్టర్

నాది డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్. నేనూ వేయించవచ్చా ఇలాంటిది?

ఆటోనగర్_వెల్డింగ్

డస్టర్‌కి విడిగా ఛాసిస్ ఉండదు సార్, బాడీయే ఛాసిస్. పట్టించడానికి పక్క రేకు మడత తప్ప ఏమీ దొరకదు, దానికి కడితే రాయి దెబ్బకి ఆ మడతే లోపలికి పోతుంది, అది సరిచేయడం మా వల్ల కూడా కాదు. మామూలు స్టెప్పు కూడా వద్దు. చక్రం ఎక్కడ వేయాలో ఒకరు దిగి చూపించడమే మీ స్లైడరు.

రూల్స్_చూసుకోండి

ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలు మారేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది ముందు వేసే క్రాష్ గార్డులు, బుల్ బార్ల గురించి, అది నడిచేవాళ్ళ ప్రాణాల సంగతి. పక్క స్లైడర్ అదే వస్తువు కాదు, కానీ రోడ్డు మీద ఆపిన అధికారికి తేడా తెలియాలని లేదు. అందుకే వెడల్పు ఫ్లేర్ల లోపలే ఉంచండి, విప్పగలిగే బోల్టులతోనే పెట్టండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి యాక్సెసరీ అని ముందే రాసి ఇవ్వండి, బిల్లు దాచుకోండి. వారంటీ మిగిలి ఉంటే సర్వీస్ సెంటర్‌ని మెయిల్‌లో అడగండి, నోటి మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

గాజువాక_థార్

ఏడు వారాలయ్యింది, పని పూర్తయ్యింది, అందుకే రాస్తున్నాను.

గాజువాకలోనే ఒక పెద్దాయన దగ్గర చేయించాను. సి క్లాస్ పైపు కావాలని అడిగితే ముందు కొంచెం విసుక్కున్నాడు, వెర్నియర్ తీస్తే నవ్వాడు, తర్వాత ఆయనే ప్రతి ముక్కా కోసి నాకు చూపించి మరీ వెల్డింగ్ చేశాడు. పక్కకి నాలుగు కాళ్ళు, క్లాంపులు, 10 డిగ్రీల వాలు, మధ్యలో కన్నాల ప్లేటు. ఎడమ వైపు మూడో కాలు దగ్గర లోపలి ప్లేటు పెట్టబోతే వైరింగ్ కట్ట అడ్డొచ్చింది, ఆటోనగర్ అన్న చెప్పకపోతే చూసేవాళ్ళం కాదు, ఆ కాలుని రెండున్నర అంగుళాలు వెనక్కి జరిపాడు. ఒక్కో పక్క తూకం వేస్తే 23 కిలోలు. జాకీ పరీక్ష ఆయన షెడ్డులోనే పెట్టాం, రెండు చక్రాలూ లేచాయి, సందు అంగుళం అలాగే ఉంది, తలుపు ఒక వేలితో తెరిచాను.

మెట్టు విడిగా చేయించాను, బెల్టుది. స్లైడర్ కింద రెండు పిన్నులకి తగులుతుంది, నేల నుంచి 9 అంగుళాలు. బెల్టు ఊగుతుంటే అమ్మకి మొదటి రోజు భయం వేసింది, కాలు వెయ్యగానే లోపలికి పోతోంది. అందుకని అడుగున ఒక చెక్క పలక బిగించి, బెల్టుల మధ్య అడ్డంగా ఒక రాడ్డు వేయించాం, ఇప్పుడు ఊగడం బాగా తగ్గింది. హ్యాండిల్‌కి ఒక నవారు పట్టీ కట్టాను, కింద నుంచే చేతికి అందుతుంది.

మొన్న ఆదివారం లంబసింగి వెళ్ళాం. తారు రోడ్డు వదిలే ముందు మెట్టు తీసేశాను. కుడి స్లైడర్ ఒక చోట రాయి మీద ఆని జారింది, దిగి చూస్తే జానెడు పొడుగున పెయింటు పోయి ఇనుము మెరుస్తోంది, పైపుకి చిన్న సొట్ట కూడా లేదు. ఇంటికొచ్చి గీకి, జింక్ ప్రైమర్ కొట్టాను. అమ్మ దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు, పట్టీ పట్టుకుని తనంతట తనే దిగి, నన్ను కారు పక్కకి తీసి పెట్టుకోమంది.

ఒక్క సందేహం మిగిలింది. వెయ్యి కిలోమీటర్ల తర్వాత బోల్టులు చూస్తే ఎడమ వైపు రెండు కొంచెం వదులయ్యాయి, మళ్ళీ 80కి బిగించాను. ఇది మామూలేనా, నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) వేయాలా?

ఆటోనగర్_వెల్డింగ్

మొదటిసారి మామూలే అన్నా, ప్లేటు కింద పెయింటు నలిగి ఆ మేరకు వదులవుతుంది. నట్లు నైలాక్‌వి ఎలాగూ వేయించండి, ఒకసారి విప్పినవి మళ్ళీ వాడొద్దు. ఇంకో 500 కిలోమీటర్లకి చూసి, నట్టుకీ ప్లేటుకీ కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడు వంగి చూసినా గీత కలిసి ఉందో లేదో కంటికే తెలుస్తుంది. రెండోసారి కూడా అవే రెండు వదులైతే మాత్రం ఆ కాలు దగ్గర ప్లేటు సమంగా ఆనడం లేదని అర్థం, ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.